సెనేటులో తొలి మహిళ

మొన్న రాత్రి భోజనాల దగ్గర వురవోలా ఎసాన్ గారి సంగతి చెబుతున్నాను. నైజీరియా పార్లమెంటులో అడుగుపెట్టిన మొట్టమొదటి స్త్రీ ఆమె అనగానే మా అమ్మాయి, "అయితే నాన్నా, ఆమెకు ఓట్లు ఎవరు వేశారు?" అని అడిగింది. ప్రశ్న చిన్నదే. కాని జవాబు చెప్పబోతే ఆ దేశపు కథ సగం చెప్పవలసి వచ్చింది.

ఎసాన్ గారు 1909లో యొరూబా కుటుంబంలో జన్మించారు. నైజీరియా పశ్చిమ భాగంలో యొరూబాలదే పెద్ద జాతి. ఇబాదాన్ వారి మహానగరం. ఆమె తల్లిదండ్రులు బడి ముఖం చూచినవారు కారు. అయినా తమ బిడ్డలు చదువుకోవాలని పట్టుపట్టారు. అబెయోకుటాలోని బాప్టిస్టు బాలికల కళాశాలలో చదివి, ఉపాధ్యాయినిగా తర్ఫీదు పొంది, అకురె పట్టణంలోని మిషనరీ శిక్షణాలయంలో ఆమె 1930 నుండి 1934 వరకు గృహవిజ్ఞానం బోధించారు. 1934లో వివాహమై లాగోసు వెళ్ళారు.

పదేళ్ళకు, అంటే 1944లో, ఇబాదాన్ తిరిగివచ్చి మొలెటె పేటలో ఆడపిల్లల కోసం ఒక గ్రామర్ స్కూలు స్థాపించారు. దాని పేరు పీపుల్స్ గర్ల్స్ గ్రామర్ స్కూలు. ఆడపిల్లకు వంట, కుట్టుపని వస్తే చాలదా అని పెద్దలు అనుకునే రోజులవి. ఆమె వాటినీ విడిచిపెట్టలేదు. వాటి పక్కనే తక్కిన పాఠాలన్నీ పెట్టారు. ఆమె జీవితంలో నాకు అన్నిటికన్నా పెద్దపనిగా కనిపించేది ఇదే.

రాజకీయాలలోకి వచ్చింది ఆ తరువాతనే. 1951లో ఒబాఫెమి అవొలొవొ అనే న్యాయవాది నాయకత్వాన 'యాక్షన్ గ్రూప్' అనే పక్షం ఏర్పడింది. నైజీరియా అనేక భాషల, అనేక జాతుల దేశం గనుక, ఏ జాతికి ఆ జాతి తన వ్యవహారాలు తాను చూచుకునే సమాఖ్య కావాలన్నది ఆ పక్షం వాదన. భాషాప్రయుక్త రాష్ట్రం కోసం పోరాడిన మనకు ఈ మాట కొత్తగా తోచదు. రెండవది, మరింత ముఖ్యమైనది, ఉచిత ప్రాథమిక విద్య.

అది ఊరికే రాలేదు సుమండీ! దానికోసం పశ్చిమ ప్రాంత ప్రభుత్వం తలకు 10 షిల్లింగుల 6 పెన్సుల పన్ను వేసింది. జనం మండిపడ్డారు. 1954 ఫెడరల్ ఎన్నికలలో ఆ పక్షం తన సొంతగడ్డ మీదనే ఓడిపోయింది. అయినా వెనక్కు తగ్గలేదు. 1955 జనవరిలో బడులు తెరిచేసరికి, అంతకుముందు సంవత్సరం సుమారు 4,56,000గా ఉన్న పిల్లల సంఖ్య 8,11,000 దాటింది. మరుసటి ఏడు, 1956లో, ప్రాంతీయ ఎన్నికలలో అదే జనం ఆ పక్షాన్ని గెలిపించారు.

ఎసాన్ గారు ఆ పక్షం మహిళా విభాగంలో పనిచేశారు. ఇల్లిల్లూ తిరిగి స్త్రీలను కూడగట్టడం, సభలకు జనాన్ని రప్పించడం మహిళల వంతు. పదవులు మాత్రం చాలావరకు మగవారివే. ఇంతమంది మధ్య ఒక్క కుర్చీ సంపాదించుకున్నది ఈమె. 1960లో ఇబాదాన్ పశ్చిమం తరపున సెనేటరు అయ్యారు.

ఇక మా అమ్మాయి ప్రశ్న. ఆమెకు ఓట్లు ఎవరు వేశారు? ప్రజలెవరూ వేయలేదు! ఆనాటి సెనేటులో 44 మంది సభ్యులు. మూడు ప్రాంతాల నుండి పన్నెండేసి మంది, లాగోసు నుండి నలుగురు, ప్రధానమంత్రి సలహాపై వచ్చినవారు నలుగురు. అంతా నియమితులే. అసలు అధికారం దిగువ సభదే. పైగా ఉత్తర ప్రాంతపు స్త్రీలకు అప్పటికి ఓటు హక్కే లేదు. వారికి ఆ హక్కు 1976లో వచ్చింది. దేశపు ఎన్నికలలో మొదటిసారి ఓటు వేసింది 1979లో. దేశంలో సగం ఇళ్ళ తల్లులకు ఓటు లేనినాడు ఒక తల్లి సెనేటులో కూర్చున్నదన్న మాట.

ఆ కుర్చీ అయినా ఎన్నాళ్ళు నిలిచింది? 1962లో పక్షం చీలింది. పశ్చిమ ప్రాంతంలో అత్యవసర పరిస్థితి ప్రకటించారు. రాజద్రోహ నేరంపై 1963లో అవొలొవొకు పదేళ్ళ శిక్ష పడింది. 1966 జనవరిలో సైనికులు తిరుగుబాటు చేశారు. దానితో సెనేటూ పోయింది, పక్షాలూ పోయాయి.

ఎసాన్ గారు మాత్రం పోలేదు. 1975లో ఇబాదాన్ నగరం ఆమెను 'ఇయలోదె'గా గౌరవించింది. ఊరి స్త్రీలందరికీ పెద్దదిక్కు అని ఆ బిరుదుకు అర్థం. యొరూబా ఊళ్ళలో తరతరాలుగా వస్తున్న పదవి అది. తెల్లవారు సెనేటు అనే మాట తీసుకురాకముందే అక్కడ స్త్రీకి కొలువులో చోటున్నదని దీనివల్ల తెలుస్తున్నది. ఆమె 1985లో కన్నుమూశారు.

ఓట్లతో గెలిచి సెనేటుకు వెళ్ళిన మొదటి స్త్రీ ఫ్రాంకా అఫెగ్బువా. అది 1983లో. మూడు నెలలు గడిచాయో లేదో మళ్ళీ సైన్యం వచ్చి ఆ సభనూ మూసివేసింది. 2023 ఎన్నికలలో 109 స్థానాలకు గాను స్త్రీలకు దక్కినవి, కోర్టు తీర్పుతో వచ్చినదానిని కలుపుకొని కూడా, నాలుగే.

ఇదంతా విని మా అమ్మాయి కాసేపు కంచం వంక చూస్తూ ఊరుకున్నది. తరువాత అడిగింది: "మరి ఆవిడ పెట్టిన బడి?"

"అది ఉన్నదమ్మా" అన్నాను. "దాన్ని ఎవరూ మూయలేదు."