కరెంటు పోతే అంతా మరిచిపోయే డిస్కు

మా ఇంట్ల ఒక కంప్యూటరున్నది. సికింద్రాబాద్ సీటీసీల సెకండ్ హ్యాండుకు కొనుక్కొని, ఆర్టీసీ బస్సుల ఒడిల పెట్టుకొని ఊరికి తెచ్చిన. ఐ3 ప్రాసెసరు, 8 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్కు. పని చేస్తది గానీ మస్తు నిదానం. స్విచ్చు వేసి, చాయ్ పెట్టుకొని తాగొచ్చినా తెర మీద గుండ్రం తిరుగుతనే ఉంటది. బ్రౌజరు తెరిస్తే ఒక లొల్లి, ఫోటోలు తెరిస్తే ఇంకో లొల్లి. లోపల హార్డ్ డిస్కు కరకర సప్పుడు.

మన ఊర్లల్ల శానా మంది ఇండ్లల్ల ఇసొంటి కంప్యూటర్లే ఉన్నయి. కొత్తది కొననీకి పైసలుండవు. అందుకే యూట్యూబుల "మీ పాత పీసీని రాకెట్ చేయుండ్రి" అని వీడియో కనబడితే చాలు, వేలు దాని మీదికే పోతది. నా వేలు కూడా గట్లనే పోయింది. ఆ వీడియోల చెప్పింది ర్యామ్ డిస్కు గురించి. అదేందో, ఎట్ల పెట్టుకోవాల్నో, నాకు ఏం మేలయిందో, ఏం పోయిందో ఉన్నదున్నట్టు చెప్త. ఆగం కాకుంటే అదే చాలు.

ముందుగాల అసలు ముచ్చట. కంప్యూటరుకు రెండు జాగలుంటయి. ఒకటి హార్డ్ డిస్కు, ఇంకోటి ర్యామ్. హార్డ్ డిస్కు అంటే మన ఇంట్ల అటుక. బియ్యం, పప్పు, పాత గిన్నెలు అన్నీ ఆడనే ఉంటయి. ఏదన్న కావాల్నంటే నిచ్చెన వేసుకొని ఎక్కాలె, ఎతకాలె, దిగాలె. ర్యామ్ అంటే పొయ్యి పక్కన గద్దె. చేతికి అందేటట్టు ఉంటది గానీ జాగ తక్కువ. ర్యామ్ డిస్కు అంటే ఆ గద్దె మీద ఒక పోపుల డబ్బ పెట్టుకున్నట్టు. ర్యామ్‌ల కొంత జాగ పక్కకు తీసి, "ఇది కూడా ఒక డ్రైవే" అని కంప్యూటరును నమ్మిస్తం. సీ డ్రైవు, డీ డ్రైవు ఉన్నట్టే ఆర్ డ్రైవు అని ఒకటి కనబడ్తది. అందుల ఫైలు పెట్టొచ్చు, తీయొచ్చు. అది ఇనుప డిస్కు మీద ఉండదు, ర్యామ్‌ల ఉంటది. గంతే తేడా.

ఇదేం కొత్త ఇద్దె కాదు. డాస్ కాలంల ర్యామ్‌డ్రైవ్ డాట్ సిస్ అని ఒక ఫైలు ఉండేది, దాని పనే ఇది. విండోస్ 98 స్టార్టప్ ఫ్లాపీ వేసి కంప్యూటరు లేపితే, అది ముందుగాల చిన్న ర్యామ్ డ్రైవు తయారు చేసుకొని, మరమ్మతు సామాన్లన్నీ అందుల ఇప్పుకునేది.

ఇగ వేగం సంగతి. నా హార్డ్ డిస్కు లోపల పళ్లెం నిమిషానికి 7,200 చుట్లు తిరుగుతది. అంటే సెకండుకు 120. ఒక ఫైలు కావాల్నంటే దాని ముల్లు ఆ జాగకు జరగాలె, పళ్లెం తిరిగి ఆ ముక్క ముల్లు కిందికి రావాలె. దీనికే పది మిల్లీసెకండ్లకు పైన పడ్తది. అందుకే ఒక్కొక్కటి ఒక్కో మూలకున్న చిన్న చిన్న ఫైళ్లయితే సెకండుకు నూరు కూడా తియ్యలేదు. ర్యామ్‌ల తిరిగేది లేదు, జరిగేది లేదు. సెకండును 100 కోట్ల ముక్కలు చేస్తే, ఒక సమాచారం అందనీకి ర్యామ్‌కు అందుల ఓ నూరు ముక్కలు చాలు. పెద్ద ఫైలు వరుసగ చదివేటప్పుడు కూడా పాత హార్డ్ డిస్కు సెకండుకు 100 నుంచి 150 ఎంబీ దగ్గర ఆగుతది. ర్యామ్ జీబీలల్ల నడుస్తది.

ఈ లెక్కలు చూసి నాకు ఆశ పుట్టింది. ఎట్ల పెట్టిన్నో చెప్త. విండోస్‌ల దీనికి తయారుగున్న బటన్ ఏదీ లేదు, బయటి సాఫ్ట్‌వేర్ కావాలె. నేను ఇమ్‌డిస్క్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకున్న. అది మూడు సంగతులు అడుగుతది. ఎంత సైజు? 1 జీబీ అని పెట్టిన. ఏ అక్షరం? ఆర్. ఏ ఫైల్ సిస్టమ్? ఎన్‌టీఎఫ్‌ఎస్. ఓకే కొడితే నిమిషంల మై కంప్యూటర్ల కొత్త డ్రైవు వచ్చి కూసున్నది. కంప్యూటరు లేచినప్పుడల్ల దానంతట అదే తయారు కావాల్నంటే ఆడనే ఒక టిక్కు పెట్టాలె. లినక్స్ వాడేటోళ్లకు ఈ బాధ కూడా లేదు. టీఎంపీఎఫ్ఎస్ అని అందుల ముందే ఉన్నది. సైజు చెప్పకపోతే ర్యామ్‌ల సగం దాకా హద్దు పెట్టుకుంటది, మనం ఎంత నింపితే అంతే వాడుకుంటది.

తర్వాత బ్రౌజరు క్యాష్‌ను అందులకు మార్చిన. మనం చూసిన పేజీల బొమ్మలు గిట్ల బ్రౌజరు డిస్కు మీద దాసుకుంటది, దాన్నే క్యాష్ అంటరు. ఫైర్‌ఫాక్స్‌ల అడ్రస్ రాసే కాడ ఎబౌట్ కోలన్ కాన్ఫిగ్ అని కొడితే సెట్టింగులు తెరుచుకుంటయి. అండ్ల క్యాష్ ఫోల్డరు ఏడుండాల్నో చెప్పే సెట్టింగుకు ఆర్ డ్రైవు పేరిచ్చిన. బ్రౌజరు మూసి తెరిచిన. నిజం చెప్పాలె కద, తేడా కనబడ్డది. ఒకసారి చూసిన పేజీలు జల్ది రాబట్టినయి, హార్డ్ డిస్కు కరకర తగ్గింది. గేములు, కంప్యూటరు లేచే టైము మాత్రం ఎప్పటిలెక్కనే ఉన్నయి. ఎందుకంటే విండోస్ ఉన్నది హార్డ్ డిస్కు మీదనే. ర్యామ్ డిస్కు పుట్టేదే విండోస్ లేచినంక. పుట్టని పిల్ల తల్లిని ఎట్ల ఎత్తుకుంటది?

ఆడికే ఆగితే బాగుండు. నేను ఆగలే.

మా నాయినమ్మ బతుకమ్మ పాటలు మంచిగ పాడ్తది. పుస్తకాలల్ల లేనియి, వాళ్ల తల్లిగారి ఊర్ల పాడుకునేటియి. ఒక ఎండకాలం పొద్దుమీకి ఆమెను కూసోబెట్టి పదకొండు పాటలు ఫోనుల రికార్డు చేసిన. నడుమ కుక్క మొరుగుడు, మా అమ్మ మాటలు కూడా పడ్డయి. అవి తీసేసి మంచిగ చేద్దామని కంప్యూటర్ల వేసిన. ఎడిటింగు జల్ది కావాలె కద! అందుకే ఆర్ డ్రైవుల వేసిన. కాపీ కూడా కాదు, కట్ చేసి పేస్టు చేసిన, ఫోనుల జాగ నిండిందని. రెండు గంటలు కూసొని ఏడు పాటలు సాఫు చేసిన. ఆడాసిటీ మక్కన్ లెక్క నడిచింది. నేను మురిసిపోతనే ఉన్న, ఫట్టుమని కరెంటు పోయింది. మా యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో సచ్చింది.

కరెంటు వచ్చినంక కంప్యూటరు లేపిన. ఆర్ డ్రైవు ఉన్నది. లోపల ఖాళీ. కడిగిన పలక లెక్క.

పోయిన ఫైళ్లను ఎతికి తెచ్చే సాఫ్ట్‌వేర్లు రెండు వేసి చూసిన, ఏం దొరకలే. దొరకవు కూడా. ఎందుకో తర్వాత చదువుకున్న. హార్డ్ డిస్కు మీద రాసింది అయస్కాంతపు గుర్తు, కరెంటు లేకున్నా ఉంటది. ర్యామ్‌ల రాసింది చిన్న చిన్న కెపాసిటర్లల్ల నిలిపిన కరెంటు. అవి ఓటి కుండలు, నీళ్లు కారుతనే ఉంటయి. అందుకే కంప్యూటరు ప్రతి కుండను 64 మిల్లీసెకండ్లల్ల ఒకసారన్న మల్ల నింపుతనే ఉంటది, సెకండుకు పదిహేను సార్ల పైమాటే. కరెంటు పోతే నింపేటోడు లేడు. కుండలన్నీ ఎండిపోతయి. అది దాని తప్పు కాదు, దాని గుణమే గంత. తప్పు నాది. పలక మీద పట్టా కాయితం రాసుకున్నోని లెక్క అయింది నా కథ.

నాయినమ్మను మల్ల పాడుమన్న. పాడింది. పదకొండుల ఏడు యాదికొచ్చినయి. నాలుగు రాలే. "ఏందో బిడ్డా, నోటి కాడికి వచ్చి పోతున్నయి" అన్నది. ఇప్పుడు ఆ ఏడు మూడు జాగలల్ల దాసిన.

అందుకే నేను చెప్పేది ఇది. కంప్యూటర్ల 4 జీబీ ర్యామ్ ఉంటే ర్యామ్ డిస్కు జోలికే పోవద్దు. విండోస్‌కే అది సరిపోతలేదు, అందులకెల్లి 1 జీబీ తీస్తే అది తిప్పలుపడి హార్డ్ డిస్కును ఇంకా ఎక్కువ తోముతది. 8 జీబీ ఉన్నా ముందుగాల కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు కలిపి కొట్టి టాస్క్ మేనేజరు తెరువుండ్రి. రోజు చేసే పనులన్నీ తెరిచి పెట్టి, మెమరీ ఎంత ఖాళీగ ఉన్నదో చూడుండ్రి. ఆ ఖాళీల సగం కంటే ఎక్కువ తీయొద్దు.

పెట్టుకున్నా సరే, పోతే ఏడుపు రానియి మాత్రమే అందుల ఉండాలె. బ్రౌజరు క్యాష్, జిప్ ఫైళ్లు ఇప్పుకునుడు, ప్రోగ్రాములు నేర్చుకునేటోళ్ల తాత్కాలిక ఫైళ్లు, గంతే. సర్టిఫికెట్లు, దరఖాస్తు ఫారాలు, పెండ్లి ఫోటోలు అందుల పెట్టొద్దు. విండోస్ టెంప్ ఫోల్డరును అందులకు మార్చుమని కొందరు చెప్తరు. మార్చొచ్చు గానీ, కొన్ని సాఫ్ట్‌వేర్లు ఎక్కించేటప్పుడు రీస్టార్ట్ అడుగుతయి, లేచినంక టెంప్‌ల తమ ఫైళ్లు ఎతుక్కుంటయి. అప్పుడు అవి ఉండవు, పని సగంల ఆగుతది. ఇంకొందరు పేజ్‌ఫైలును కూడా ర్యామ్ డిస్కుల పెట్టుమంటరు. పేజ్‌ఫైలు ఉన్నదే ర్యామ్ చాలనప్పుడు వాడనీకి. ర్యామ్‌ను తగ్గించి అందులనే దాన్ని పెట్టుడంటే బాయిల నీళ్లు తోడి అదే బాయిల పోసినట్టు.

ఇంకో మాట వీడియోలల్ల చెప్పరు. ఖాళీగ ఉన్న ర్యామ్‌ను విండోస్, లినక్స్ ఉత్తగ ఉంచయి. ఇంతకుముందు చదివిన ఫైళ్లను అందుల దాసిపెట్టుకుంటయి. రెండోసారి అదే సాఫ్ట్‌వేర్ తెరిస్తే జల్ది వస్తది కద, కారణం అదే. మనం అడగకుంటనే సగం పని అవే చేస్తున్నయి. పైగా కరెంటు పోయినా అసలు ఫైలు డిస్కు మీద పదిలంగ ఉంటది.

మరి పాత కంప్యూటరుకు నిజమైన మందేంది? నాలుగు రూపాయలు జమ అయితే ముందుగాల చిన్న సాటా ఎస్‌ఎస్‌డీ వేయించుండ్రి. సెకండుకు 500 ఎంబీ దాకా చదువుతది, తిరిగే పళ్లెం లేదు, కరెంటు పోయినా దాసిన ఫైలు దాసినట్టే ఉంటది. విండోస్ దాని మీద వేస్తే కంప్యూటరు లేచుడే మారుతది. పాత హార్డ్ డిస్కును పారేయకుండ సినిమాలకు, ఫోటోలకు ఉంచుకోవచ్చు. నేను పోయిన ఏడాది 240 జీబీది వేయించిన. ఇప్పుడు చాయ్ పెట్టుకునే టైము దొరుకుతలేదు.

ర్యామ్ డిస్కు నా కంప్యూటర్ల ఇప్పటికీ ఉన్నది, 512 ఎంబీ. అందుల బ్రౌజరు క్యాష్ తప్ప ఏం లేదు. దాని పేరు మార్చిన. ఆర్ డ్రైవు పక్కన "పలక" అని రాసి పెట్టిన, మల్ల మర్సిపోకుండ.