క్రోమియము చేరిన భూగర్భ జలము - ఇనుప రజను గోడ

నూతినీరు తేటగా నున్నంత మాత్రమున మంచిదని తలపరాదు. తోళ్ళు పదునుచేయు కర్మాగారములు, లోహములకు క్రోమియము పూతపూయు కార్ఖానాలు ఉన్నచోట్ల వ్యర్థములను భద్రపరచకున్న, అవి వానలకు కరగి భూమిలోనికి దిగును. క్రోమియము మిక్కుటమైనచో నీరు పచ్చబారును. గాని అంతకు ఎంతో ముందే అది త్రాగుటకు పనికిరానిదగును. త్రాగునీటిలో లీటరునకు 0.05 మిల్లీగ్రాములు మించరాదని మన దేశపు ప్రమాణము. కాచినను ఈ విషము పోదు. నీరు ఆవిరియై తగ్గుటచే దాని పాలు ఇంకను హెచ్చును.

ఇట్టి వ్యర్థముల గుట్ట ఎంతకాలము పీడించునో తెలియుటకు దూరము పోనక్కరలేదు. చిత్తూరు సీమకు పొరుగుననే, తమిళనాడులోని రాణిపేటలో, మూతపడిన ఒక క్రోమేటు కర్మాగారము లక్ష టన్నులకు మించిన వ్యర్థమును విడిచిపోయినది.

క్రోమియము రెండు రూపములలో ఎక్కువగా కానవచ్చును. షట్సంయోజక రూపము నీటిలో కరగి, నీటితోపాటు నడచును. క్యాన్సరు కలిగించునది ఇదే. త్రిసంయోజక రూపము సామాన్యమైన నీటిలో దాదాపు కరగక మట్టిలోనే నిలిచిపోవును. ఇనుప రజను తగిలినప్పుడు ఇనుము తాను తుప్పుపట్టుచు మొదటి రూపమును రెండవదిగా మార్చును. నీరు పారు దారికి అడ్డముగా కందకము త్రవ్వి, రజనుతో నింపుటయే ఈ గోడ. నీరు దాని గుండా తనంతట తానే సాగిపోవును. పంపుగాని, విద్యుత్తుగాని అక్కరలేదు. చుట్టునున్న మట్టికన్న గోడలో నీరు సులువుగా పారవలెను. లేకున్న అది ప్రక్కదారి పట్టును.

అమెరికాలో ఉత్తర కరొలైనా రాష్ట్రమున, ఎలిజబెత్ సిటీలోని తీరరక్షక దళపు స్థావరమునందు 1984 వరకు, ముప్పది ఏండ్లకు పైగా, క్రోమియము పూతపని జరిగినది. అచ్చటి ద్రావకములు నేలలోనికి ఇంకి సమీపపు నదివైపు సాగెను. 1996 జూనులో 46 మీటర్ల పొడవు, 7.3 మీటర్ల లోతు, 0.6 మీటరు వెడల్పు గల గోడను నిర్మించిరి. ఎగువన లీటరునకు కొన్ని మిల్లీగ్రాములున్న క్రోమియము, గోడ దాటిన పిదప 0.01 మిల్లీగ్రామునకు లోబడెను.

అయినను ఇది అన్నిచోట్లకు తగిన మందు కాదు. అచ్చటిది ఇసుకనేల, నీరు పైపైననే కలదు. మన రాతినేలలలో నీరు పగుళ్ళవెంట లోతున పారును. దాని దారి కనుగొనుటయే కష్టము. నీటిలోని ఖనిజములు పేరుకొని కాలక్రమమున రజను పూడుకొనును కూడ. కావున పాత ఇనుము తెచ్చి నూతి ప్రక్కన గోతులు నింపుట వృథా ప్రయాస. గుట్టను తొలగించనిదే, లేక వాన సోకకుండ కప్పనిదే, ఏ గోడయు శాశ్వతముగా కాపాడజాలదు.

అనుమానమున్న పంచాయతీవారు నీటి నమూనా పంపునపుడు క్రోమియము పరీక్షను ప్రత్యేకముగా కోరవలెను. ఉప్పు, ఫ్లోరైడు పరీక్షించిన కాగితము దీనికి చాలదు. సీసాపై బావి గుర్తు, తేదీ వ్రాయుడు. ఫలితము వచ్చునంతవరకు ఆ నీటిని త్రాగనీయక వేరొక నీటివసతి కల్పింపవలెను. పాలు మించినదని తేలినచో ఆ కాగితమును జతపరచి కాలుష్య నియంత్రణ మండలికి వ్రాయవలెను.