బెలుంలో వాగులు నేల కిందే

నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలంలో బెలుం చుట్టూ చదునైన మెట్ట పొలాలు, నాపరాళ్ల గనులు. వాగులు తక్కువ. వానే తక్కువైన సీమలో వాగులు ఎక్కడి నుంచి వస్తాయని ఎవరైనా అనుకుంటారు. అసలు సంగతి వేరు.

ఒక నది పరీవాహకంలోని ఏర్లు, వాగులు, వంకలు అన్నిటి పొడవూ కూడి, దాన్ని వైశాల్యంతో భాగిస్తే వచ్చేది వాగుల సాంద్రత. అమెరికా ఇంజనీరు రాబర్ట్ హార్టన్ 1932లో ఇచ్చిన కొలత ఇది. వంద చదరపు కిలోమీటర్లలో 250 కిలోమీటర్ల వాగులుంటే సాంద్రత 2.5. వాన పెరిగే కొద్దీ వాగులూ పెరుగుతాయన్నది కొంతవరకే నిజం. బాగా కురిసే చోట చెట్టూ గడ్డీ మట్టిని పట్టి ఉంచుతాయి, నీరు ఇంకుతుంది, కోత తగ్గుతుంది. పచ్చదనం పలచగా ఉండి, కురిసిన నాలుగు వానలూ కుండపోతగా కురిసే నేలల్లోనే వంకలు దట్టంగా పుడతాయి. ఆ లెక్కన ఈ మూలంతా వంకలమయం కావాలి. కాకుండా ఆపింది ఇక్కడి రాయి.

ఈ ప్రాంతపు రాతి పొరలకు భూగర్భ శాస్త్రవేత్తలు ఇక్కడి ఊళ్ల పేర్లే పెట్టారు: బనగానపల్లె, నార్జి, అవుకు, పాణ్యం, కోయిలకుంట్ల, నంద్యాల. బెలుం గుహలున్నది నార్జి సున్నపురాయిలో. గాలిలోని, మట్టిలోని బొగ్గుపులుసు వాయువు కలిసి వాననీరు కాస్త పులుపెక్కుతుంది. పగుళ్లలోకి దిగి సున్నపురాయిని కరిగిస్తుంది. పగులు వెడల్పయిన కొద్దీ మరింత నీరు అటే దిగుతుంది, పైన వాగు తవ్వడానికి నీరు మిగలదు. అదే వాన నీటిని ఇంకనివ్వని షేల్ మీద, అందులోనూ ఏటవాలులో పడితే, పైపైనే పరుగెత్తి నేలను కోస్తుంది.

అలా దిగిన నీరు ఏం చేసిందో బెలుం గుహల్లో కళ్లారా చూడొచ్చు. 1884లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫూట్ వీటిని గుర్తించారు. 1982-83లో డేనియల్ గెబావర్ నాయకత్వంలో జర్మన్ బృందం లోపలి దారులను సర్వే చేసింది. ఇప్పటికి తెలిసిన పొడవు 3,229 మీటర్లు. అట్టడుగున పాతాళగంగ దగ్గర సన్నని ధార ఒకటి రాతిలోకి జారి మాయమవుతుంది. అది బెలుం ఊరి బావికి చేరుతుందని నమ్మకం. పటం మీద నీలిగీతలు మాత్రమే కూడితే ఈ దారులేవీ లెక్కకు రావు. సున్నపురాతి నేలలో అంకె చిన్నదైతే నీరు లేదని కాదు, కంటికి కనబడని దారి పట్టిందని.

నాకు భయం వేసేది ఇక్కడే. మట్టి పొరల్లోంచి మెల్లగా దిగే నీరు ఎంతోకొంత వడపోతకు గురవుతుంది. సున్నపురాతి సొరంగాల్లో ఆ అవకాశం బాగా తక్కువ. పైన పోసిన మురికి నేరుగా బావిలో తేలవచ్చు. ఈ గుహలను ఒకప్పుడు చెత్త పారబోయడానికి వాడారు కూడా. దగ్గర్లో వాగు లేదు కదా అని గనికో, వ్యర్థాల గుంటకో అనుమతిస్తే సరిపోదు. సున్నపురాతి ప్రాంతాల్లో నీటి జాడ తీయడానికి శాస్త్రవేత్తలు హానిలేని రంగు కలిపి, అది ఏ బావిలో, ఏ ఊటలో బయటపడుతుందో చూస్తారు. అనుమతికి ముందు ఇక్కడా ఆ పరీక్ష జరగాలి. పాతాళగంగ ఎక్కడికి పోతోందో కూడా దానితోనే తేలుతుంది.