‘మాలపిల్ల’ కథకుడు – అరుణాచల మౌని

హైదరాబాదు నగరానికి పడమటి దిక్కున, సృష్ట్యాది నాటివా అనిపించే రాతిగుండ్ల నడుమ వెలసినవి జూబిలీహిల్స్, ఫిలింనగర్. తెలుగు చలనచిత్రానికి మద్రాసు పుట్టినిల్లయితే ఈ గుట్టలు మెట్టినిల్లు. స్టూడియోలు, వాణిజ్యమండలి భవనము, నటీనటుల మేడలు, వాటి సరసనే దైవసన్నిధానం ఆలయాలు. కొబ్బరికాయ కొట్టనిదే ఇక్కడ కెమేరా కదలదు. ముహూర్తపు పీటమీద దేవుని పటం ప్రక్కన నిర్మాతగారు కొలిచే గురువుగారి పటం కూడ ఉండటం కద్దు. ఏళ్ళ తరబడి పడిన శ్రమ ఒక్క శుక్రవారపు ఆటతో తేలిపోయే వృత్తి యిది. మనిషికి ఏదో ఒక అండ కావాలనిపించడం సహజమే. దానిని చూచి నవ్వవలసిన పని లేదు.

కాని తెలుగు సినిమాతో ఒకనాడు చేయి కలిపిన ఒక రచయిత గురుభక్తి ఈ కోవకు చెందినది కాదు. ఆయన జయం కోరి గురువును వెదకలేదు. నిజానికి గురువును వెదకనే లేదు. స్వాములన్నా, మఠాలన్నా, మడి కట్టుకొన్న ధర్మమన్నా ఆయనకు ఒళ్ళుమంట. అట్టి మనిషి తన ఏబదియైదవ యేట ఇల్లూ వాకిలీ వదలుకొని, ఒక మౌని పాదాల చెంతకు సకుటుంబంగా తరలిపోయి, తక్కిన ఇరువదితొమ్మిదేండ్లూ ఆ కొండ నీడనే గడిపారు. ఆయన గుడిపాటి వెంకటచలం.

ఫిలింనగరానికి చలం అపరిచితుడు కాడు. నిరపరాధియైన ఒక గృహిణిపై లోకం మోపిన నిందను చిత్రించిన ఆయన కథ ‘దోషగుణం’ ఆధారంగా ఇంద్రగంటి మోహనకృష్ణ 2004లో ‘గ్రహణం’ తీశారు. తొలి చిత్రానికి దర్శకునికిచ్చే ఇందిరాగాంధీ జాతీయ పురస్కారం దానికి లభించింది. ఇంకొక చిత్రమైన సంబంధం కూడ ఉన్నది. సినిమా ప్రముఖులెందరికో అంత్యక్రియలు జరిగిన జూబిలీహిల్స్ శ్మశానవాటిక పేరు ‘మహాప్రస్థానం’. ఆ పేరు వినగానే చదువుకున్నవానికి శ్రీశ్రీ కావ్యం తోస్తుంది. దానికి 1940లో చలం వ్రాసిన పీఠిక ‘యోగ్యతాపత్రం’ తోస్తుంది. ఆ కావ్యం గ్రంథరూపం ధరించిన 1950వ సంవత్సరమే చలం తెలుగుదేశాన్ని విడిచిన సంవత్సరం. విప్లవకవికి యోగ్యతాపత్రం వ్రాసిన చేయి ఒక సాధువుకు నమస్కరించిందేమని నాడు ముక్కున వేలు వేసుకొన్నవారు చాలమంది.

చలం 1894లో జన్మించారు. చిన్ననాడు సంధ్యావందనాలు, ఉపవాసాలు నిష్ఠగా సాగించిన బాలుడే. కాకినాడ కళాశాలలో రఘుపతి వెంకటరత్నంనాయుడుగారి ప్రభావం వలన బ్రహ్మసమాజంవైపు మొగ్గారు. పిమ్మట అదికూడ ఆయనకు ఇరుకైనది. భార్యను చదివించాలని సైకిలుమీద కూర్చుండబెట్టుకొని బడికి తీసుకొని వెళ్ళి బంధువుల ఆగ్రహానికి గురియైన యువకుడు. బ్రతుకుతెరువుకు ఉపాధ్యాయుడైనారు, తరువాత పాఠశాలల తనిఖీ అధికారి. ‘మైదానం’ కర్తగా ఆయనను తిట్టినవారికి ఆయన ‘బిడ్డల శిక్షణ’ అనే పుస్తకం కూడ వ్రాశారని తెలియకపోవచ్చును. పిల్లలను కొట్టి, బెదిరించి పెంచరాదని ఆనాడే ఘోషించిన ఆ పుస్తకం ఉపాధ్యాయులు నేటికీ చదువదగినది.

ఆయనను తొలిసారి అరుణాచలానికి తీసుకొని వెళ్ళినవాడు కూడ విద్యాశాఖకు చెందినవాడే: కథకుడు, పిల్లల పాటల కర్త చింతా దీక్షితులు. మృదుస్వభావి, ఆస్తికుడు. ఈ ఇరువురి స్నేహమే ఒక వింత. 1936లో దీక్షితులుతో కలసి చలం తిరువణ్ణామలై వెళ్ళారు. భక్తితో కాదు, స్నేహితుని మాట కాదనలేక, కొంత కుతూహలంతో. తొలి దర్శనంలోనే మెరుపు మెరసి మనసు మారిపోయిందని చెప్పుకొనేవారి కథలు మనకు కొల్లలు. చలం కథ అట్లు నడవలేదు. ఆయన సంశయంతో వెళ్ళారు, సంశయంతోనే తిరిగివచ్చారు. అయినా మళ్ళీ వెళ్ళారు. మరల మరల వెళ్ళారు.

ఇంతకూ అక్కడ ఆయన చూచినదేమి? మధురలో చదువుకొనే పదునారేండ్ల వేంకటరామన్ 1896 సెప్టెంబరు 1వ తేదీన ఆ కొండ చేరి, మరల దానిని విడువలేదు. 1907లో మన విజయనగర సీమకు చెందిన కావ్యకంఠ గణపతిముని ఆ యువమౌనిని దర్శించి, భగవాన్ శ్రీ రమణమహర్షి అని పేరు పెట్టారు. 1922లో తల్లి అళగమ్మ గతించగా ఆమె సమాధి చుట్టూ ఆశ్రమం పెరిగింది. అక్కడ మంత్రోపదేశం లేదు, దీక్ష లేదు. తనకు శిష్యులున్నారని మహర్షి చెప్పుకొన్నదీ లేదు. ఒక పొడవాటి హాలు, సోఫామీద కౌపీనధారి, ఎదుట నేలమీద జనం. ప్రశ్న వేసినవానికి, అడుగుతున్న ‘నేను’ ఎవరో చూచుకొమ్మని సమాధానం. చాలసార్లు అదికూడ లేదు, చూపు మాత్రమే. తెలుగువానితో తెలుగులోనే మాటాడేవారు; తెలుగు అక్షరాలు నేర్చి, తమ ఉపదేశసారాన్ని తెలుగులో కూడ రచించారు.

చలం వంటి మనిషిని కట్టిపడవేసినది ఈ అడగకపోవటమే కావచ్చును. జీవితమంతా ఆయన ఎదిరించినది ఆజ్ఞను: తండ్రి ఆజ్ఞ, భర్త ఆజ్ఞ, కులం ఆజ్ఞ, శాస్త్రం ఆజ్ఞ. ఇక్కడ ఆజ్ఞాపించేవాడే లేడు. తిరుగుబాటు చేయటానికి ఎదుట ఒక అధికారం ఉండాలి గదా!

అట్లని ఆశ్రమంలో చలానికి అభ్యంతరకరమైనది ఏదీ లేదనుకోరాదు. అప్పుడు భోజనశాలలో ఆచారపరులైన బ్రాహ్మణులకు వేరు పంక్తి ఉండేది. చీకటి పడిన తరువాత స్త్రీలు ఆశ్రమంలో ఉండరాదనే నియమం ఉండేది. ‘స్త్రీ’ అనే గ్రంథం వ్రాసినవాడు, 1938లో ‘మాలపిల్ల’కు కథ అందించినవాడు వచ్చి చేరినది ఇట్టి చోటికి! గూడవల్లి రామబ్రహ్మం దర్శకత్వంలో సారథివారు తీసిన ఆ చిత్రంలో బ్రాహ్మణ యువకుడు హరిజన కన్యను ప్రేమిస్తాడు. ఆలయప్రవేశం కొరకు దేశం అట్టుడికినట్లు ఉడుకుతున్న రోజులలో కాంచనమాల నాయికగా అది తెరకెక్కి, తెలుగునాట పెద్ద సంచలనం కలిగించింది. విశేషమేమంటే అప్పటికే, రెండేండ్ల క్రితమే, ఆ కథకుడు అరుణాచలం చూచి వచ్చి యున్నాడు. సంఘంతో పోరు, మౌనితో పరిచయం ఆయన జీవితంలో ఒకదాని తరువాత ఒకటి వచ్చిన ఘట్టాలు కావు, ప్రక్కప్రక్కన నడచినవి. ముదిమిలో భయపడి దేవుని పట్టుకొన్నాడనేవారు ఈ తేదీలను చూడలేదు.

మహర్షి ఆ పంక్తిభేదాన్ని వాదించి తొలగించలేదు. తాము ఉభయ పక్షాలకు నడుమ, అందరికీ కనబడునట్లు కూర్చుండేవారు. ఎవరికి ఏది వడ్డించితే తమకూ అదే, అంతే. చెంచాడు ఎక్కువ పడితే ఒప్పుకొనేవారు కారు. ఇది చాలునా, చాలదా అన్నది వేరు చర్చ. చాలదనే వాదనలో బలమున్నది. అయినా చలం నియమాలను చూచి కొండ దిగిపోలేదు. మనిషిని చూచి నిలబడ్డారు.

1950 ఆరంభంలో బెజవాడ నివాసం చాలించుకొని, కుమార్తె సౌరిస్ మొదలైన వారితో చలం అరుణాచలం చేరారు. అప్పటికి మహర్షి ఎడమచేతికి వచ్చిన వ్రణం నాలుగు శస్త్రచికిత్సలకూ లొంగక దేహాన్ని తినివేస్తున్నది. చేయి తీసివేయుదుమని వైద్యులు చెప్పగా వారు అంగీకరించలేదు. ఆ స్థితిలోకూడ దర్శనం ఆపవద్దని, వచ్చినవారిని రానిమ్మని పట్టుబట్టారు. ఏప్రిల్ 14వ తేదీ రాత్రి శరీరం విడిచారు. సర్వస్వం వదలుకొని గురుసన్నిధికి వచ్చినవానికి ఆ సన్నిధి నిండా కొన్ని మాసాలుకూడ దక్కలేదు! చాలమంది తిరిగివెళ్ళిపోయారు. ఆశ్రమం కొంతకాలం వెలవెలపోయినది. చలం వెళ్ళలేదు. తమ ఇంటికి ‘రమణస్థాన్’ అని పేరు పెట్టుకొని అక్కడనే ఉండిపోయారు.

అక్కడనుండి ఆయన చేసిన పనులలో విలువైనది ‘భగవాన్ స్మృతులు’. గురువును గూర్చి గ్రంథం వ్రాయవలెనంటే మనవారు సాధారణంగా జననకాలపు శుభశకునాలతో మొదలుపెట్టి మహిమలతో ముగిస్తారు. చలం ఆ దారి త్రొక్కలేదు. మహర్షితో మెలగినవారి వద్దకు వెళ్ళి, వారికి జ్ఞాపకమున్నది చెప్పించి కూర్చారు. అందులో పండితుల మాటలకంటె వంటయింటి స్త్రీల మాటలు మనసుకు హత్తుకొనేవి. శాంతమ్మ, సుబ్బలక్ష్మమ్మ, సంపూర్ణమ్మ వంటివారు. తత్త్వం తెలియదు, సంస్కృతం రాదు. కూరలు తరగటం, పిండి రుబ్బటం తెలుసు. మహర్షి తెల్లవారకముందే వంటయింటికి వచ్చి వారితో కూర్చుండి కూరలు తరిగేవారట. నేలపై పడిన బియ్యపుగింజను ఏరి తీసేవారట. ఏ పప్పుకు ఎంత నీరు, ఏ ఆకు ఎట్లు వండవలె, ఏది పారవేయరాదు – ఇవే పాఠాలు. ధ్యానం చేసుకొనే వ్యవధి లేదని దిగులుపడిన స్త్రీకి ఆ పొయ్యి ముంగిటనే ధైర్యం చిక్కేది. ఈ స్త్రీలను పలుకరించి, వారి మాటకు పండితుని మాటతో సమానంగా పీట వేయటం చలానికే తగినది. ఆయన వెనుకటి నవలలలో చేసినదీ అదే గదా: ఎవరి మాట ఎవరూ వినరో వారిచేత మాటాడించటం.

తెలుగువారు రమణవాఙ్మయానికి చేసిన సేవ చిన్నది కాదు. కొలనుకొండ గ్రామంలో పుట్టి, బాల్యంలోనే భర్తను పోగొట్టుకొని, బడి మొగం చూడకుండనే భాగవతం చదువుకొన్న సూరి నాగమ్మ 1945 నుండి తన అన్నగారికి వ్రాసిన లేఖలు మహర్షి కడపటి అయిదేండ్ల జీవితానికి దినచర్య వంటివి. నాగమ్మ లేఖలలో పరిపూర్ణమైన శరణాగతి కనిపిస్తుంది. చలం చింతా దీక్షితులుకు వ్రాసిన ఉత్తరాలలో పెనుగులాట కనిపిస్తుంది: ఒకనాడు నమ్మకం, ఒకనాడు విసుగు. భక్తుని అనుభవం తెలిసికొనగోరే విద్యార్థి ఈ రెండింటినీ ఎదురెదురుగా పెట్టుకొని చదవటం మేలు. ఒకదానితో సరిపెట్టుకొంటే బొమ్మ సగమే.

చలం సన్న్యాసం పుచ్చుకోలేదు. పీఠం పెట్టలేదు. తమ పాత పుస్తకాలు తప్పని ప్రకటించి ఉపసంహరించుకోనూ లేదు; అవి అచ్చవుతూనే ఉన్నాయి, తిట్లు వస్తూనే ఉన్నాయి. పశ్చాత్తాపపడ్డాడని ఛాందసులు సంతోషించారు, పారిపోయాడని అభ్యుదయవాదులు ఆక్షేపించారు; ఇరువురికీ ఆయన సాక్ష్యం దొరకలేదు. టాగోరు గీతాంజలిని తెనిగించారు, భగవద్గీతకు తమ భాష్యం వ్రాసుకొన్నారు, ఆత్మకథ వెలువరించారు. తెలుగునాటి నుండి యువతీయువకులు రైలెక్కి ఆయనను చూడవచ్చేవారు. కొందరు ‘మైదానం’ కర్తను చూడవచ్చి అరుణాచలవాసిని చూచి నిరాశపడేవారు.

మహర్షి నిర్యాణం తరువాత ఆ ఇంట ఆధ్యాత్మిక విషయాలలో పెద్దదిక్కు చలం కాదు, సౌరిస్. కుమార్తె చెప్పిన మాటను తండ్రి శ్రద్ధగా విని, ఆ ప్రకారం నడుచుకొనేవాడు. 1979 మే 4న ఆయన తిరువణ్ణామలైలోనే కన్నుమూశారు. పిమ్మట సౌరిస్ భీమునిపట్నం వచ్చి సముద్రపుటొడ్డున నివాసం ఏర్పరచుకొన్నారు.