రైలును రైలుగా నిలిపే కొక్కెం

ఖరగ్‌పూర్ స్టేషన్ పేరు చెప్పగానే అందరూ ప్లాట్‌ఫారం గురించే మాట్లాడతారు. 1,072 మీటర్ల ఆ ప్లాట్‌ఫారం చాలా ఏళ్ళు ప్రపంచంలోకెల్లా పొడవైనదిగా పేరు మోసింది. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్ళి దాన్ని దాటేశాయి. అక్కడ నిలబడి రైలును చూసేవాళ్ళ కళ్ళు ఇంజను మీదికో, తమ పెట్టె నంబరు మీదికో పోతాయి. పెట్టెకూ పెట్టెకూ మధ్య ఉన్న ఇరుకు సందులోకి తొంగి చూసేవాళ్ళు తక్కువ. రైలు ఎంత పొడవుండొచ్చు, ఎంత బరువు లాగొచ్చు, ప్రమాదం జరిగితే పెట్టెలు ఏమవుతాయి, యార్డులో పని చేసే మనిషి సాయంత్రం ఇంటికి క్షేమంగా చేరతాడా లేదా అన్న ప్రశ్నలన్నిటికీ జవాబులో పెద్ద భాగం ఆ సందులోనే ఉంది. అక్కడున్నది ఒక కొక్కెం. రైల్వేవాళ్ళ మాటల్లో కప్లింగ్.

ఆ కొక్కెం చరిత్ర చెప్పుకోవడానికి ఖరగ్‌పూర్ కంటే తగిన ఊరు లేదు. అక్కడి వర్క్‌షాపును నడిపిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కంపెనీ 1887లో పుట్టింది. మనవాళ్ళ నోట అది బీఎన్ఆర్. విజయవాడ నుంచి కటక్ దాకా వేసిన ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వేలో వాల్తేరుకు ఉత్తరాన ఉన్న భాగం 1902లో ఈ కంపెనీ చేతికి వచ్చింది. దాంతో నేటి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం జిల్లాల పల్లెల నుంచి ఖరగ్‌పూర్‌కు నేరుగా దారి పడింది. ఖలాసీలుగా, ఫిట్టర్లుగా, ఫైర్‌మన్లుగా, పాయింట్స్‌మన్లుగా తెలుగువాళ్ళు తరలివెళ్ళారు. మథురాకాటి, నింపురా, ఓల్డ్ సెటిల్‌మెంట్ క్వార్టర్లలో తరాలుగా కాపురాలు చేశారు, తెలుగు బడులు పెట్టుకున్నారు. బీఎన్ఆర్ 1944లో ప్రభుత్వపరమైంది, 1955లో ఆగ్నేయ రైల్వే ఏర్పడింది. 2003 దాకా వాల్తేరు డివిజన్ కూడా అందులోనే ఉండేది. అంటే ఈ రైల్వేలో పెట్టెలు కలిపిన చేతుల్లో, వర్క్‌షాపులో కొక్కేలు బాగుచేసిన చేతుల్లో తెలుగు చేతులు ఎన్నో.

గొలుసు నుంచి మర దాకా

1830లో లివర్‌పూల్–మాంచెస్టర్ రైల్వే మొదలైనప్పుడు పెట్టెలను వదులు గొలుసులతో కలిపేవారు. ఇంజను కదలగానే గొలుసు బిగుసుకుని పెట్టె విదిలించినట్టు ముందుకు దూకేది. ఆగినప్పుడు వెనక పెట్టె వచ్చి ముందు పెట్టెను గుద్దేది. ఈ బాధ తీర్చినవాడు అదే కంపెనీలో కార్యదర్శి, కోశాధికారి బాధ్యతలు చూసిన హెన్రీ బూత్. ఆయన కప్లింగ్‌లో గొలుసు స్థానంలో ఒక మర వచ్చింది. ఆ మరకు ఒక సగం కుడి చుట్టు, రెండో సగం ఎడమ చుట్టు. మధ్యలో ఉన్న పిడిని తిప్పితే రెండు కొసల నట్లూ ఒకదాని వైపు ఒకటి జరుగుతాయి. పెట్టెల మూలల్లో ఉన్న స్ప్రింగు బఫర్లు ఒకదానికొకటి ఆనుకునేదాకా బిగిస్తే రెండు పెట్టెలూ ఒకే వస్తువులా కదులుతాయి. ఇదే స్క్రూ కప్లింగ్.

ఈ ఏర్పాటులో పని రెండుగా చీలింది. లాగే బలం మధ్యలోని కొక్కెం మీదుగా పోతుంది, నెట్టే బలం పక్కనున్న రెండు బఫర్ల మీదుగా పోతుంది. ప్రయాణికుడికి కుదుపు తగ్గింది. బ్రిటిష్ వాళ్ళతో పాటు ఈ కప్లింగ్ మన దేశానికి వచ్చి, నూరేళ్ళకు పైగా మన రైళ్ళను నడిపింది.

దానికి మనిషి చెల్లించిన మూల్యం వేరు. స్క్రూ కప్లింగ్ తగిలించాలంటే ఒక మనిషి వంగి, బఫర్ల కింద నుంచి దూరి, రెండు పెట్టెల మధ్య నిలబడాలి. బరువైన ఇనుప సంకెలను ఎత్తి ఎదుటి కొక్కేనికి వేయాలి, మర బిగించాలి, బ్రేకు గొట్టాలు కలపాలి. పెట్టెలు పూర్తిగా ఆగాకే లోపలికి వెళ్ళాలన్నది నియమం. కానీ చీకటి, వాన, తొందర, తప్పుగా అర్థమైన ఒక చేతి సైగ, వీటిలో ఏ ఒక్కటి చాలు. 2024 నవంబరులో బీహార్‌లోని బరౌని జంక్షన్‌లో ఇంజనుకూ పెట్టెకూ మధ్య నలిగి ఒక రైల్వే కార్మికుడు చనిపోయాడు. ఇది ఏనాటి ఆవిరియంత్రాల కాలపు కథో కాదు.

చేతివేళ్ళ నుంచి పుట్టిన పరికరం

అమెరికాలో పరిస్థితి ఇంకా ఘోరంగా ఉండేది. అక్కడ లింక్ అండ్ పిన్ కప్లింగ్ వాడేవారు. కదిలి వస్తున్న వ్యాగన్ ముందు నిలబడి, ఇనుప లంకెను చేత్తో పట్టి ఎదుటి గూటిలోకి సరిగ్గా నడిపి, పైనుంచి మేకు దింపాలి. క్షణం తేడా వస్తే వేళ్ళు పోతాయి, ఇంకాస్త తేడా వస్తే ప్రాణం పోతుంది.

వర్జీనియాలోని అలెగ్జాండ్రియాలో బట్టల దుకాణంలో గుమాస్తాగా పనిచేసిన ఈలై జానీ దీనికి జవాబు కనిపెట్టాడు. రెండు చేతుల వేళ్ళను కొంకిలా వంచి ఒకదానిలో ఒకటి తగిలిస్తే ఎంత లాగినా విడిపోవు. ఆ పట్టునే ఆయన ఇనుములోకి తెచ్చాడు. 1873 ఏప్రిల్ 29న ఆయనకు 138,405 నంబరు పేటెంటు దక్కింది.

ఆ పరికరంలో వేలులా వంగిన భాగం పేరు నకిల్. అది ఒక నిలువు పిన్ను మీద తలుపులా తెరుచుకుంటుంది. రెండు వ్యాగన్లు దగ్గరికొచ్చి తాకినప్పుడు తెరిచి ఉన్న నకిల్ వెనక్కి తిరిగి మూసుకుంటుంది. ఆ వెంటనే లోపలి లాక్ అనే దిమ్మ తన బరువుతోనే కిందికి జారి దాన్ని కదలనీయకుండా పట్టేస్తుంది. విడదీయాలంటే వ్యాగన్ పక్కన నిలబడి పొడవాటి పిడి ఎత్తితే చాలు, లాక్ పైకి లేస్తుంది. కలపడానికి గానీ విడదీయడానికి గానీ మనిషి మధ్యలోకి వెళ్ళక్కర్లేదు. గొట్టాలు కలపడానికి వెళ్ళాల్సి వచ్చినా, అది బండి నిలకడగా ఆగిన తర్వాతి పని.

ఇంత మేలైన పరికరం ఉన్నా కంపెనీలు వెంటనే కొనలేదు. ఒక కంపెనీ మారి పక్క కంపెనీ మారకపోతే వ్యాగన్లు కలవవు, పైగా ఖర్చు. లొరెంజో కాఫిన్ అనే అయోవా రైతు ఏళ్ళ తరబడి ఊరూరా తిరిగి పోరాడాడు. చివరికి 1893 మార్చి 2న అధ్యక్షుడు బెంజమిన్ హారిసన్ ఇలాంటి కప్లర్లను తప్పనిసరి చేసే రైల్వే భద్రతా చట్టం మీద సంతకం చేశాడు. 1900 నాటికి గానీ అది పూర్తిగా అమల్లోకి రాలేదు. పేటెంటుకూ అమలుకూ మధ్య 27 ఏళ్ళు గడిచాయి.

జపాన్ ఈ మార్పును మరో తీరుగా సాధించింది. ఏళ్ళ తరబడి కొత్త కప్లర్లు తయారుచేసి, ముందుగానే వ్యాగన్ల అడుగున వేలాడదీసి తిప్పింది. 1925 జులై 17న ప్రధాన ద్వీపం హోన్షూ అంతటా ఒక్క రోజులో పాతవి విప్పి కొత్తవి బిగించింది. ఐరోపాలో మాత్రం చాలా గూడ్సు బండ్లు ఈనాటికీ స్క్రూ కప్లింగ్ మీదే నడుస్తున్నాయి.

మొదటి కొక్కెం మోసే బరువు

మన దేశంలో గూడ్సు బండ్లు ముందు మారాయి. రూర్కెలా, భిలాయ్, దుర్గాపూర్ ఉక్కు కర్మాగారాలు వచ్చాక ఖనిజాన్నీ బొగ్గునూ పెద్ద ఎత్తున మోయాల్సి వచ్చింది. ఆ భారంలో ఎక్కువ భాగం ఆగ్నేయ రైల్వేదే. 1960 దశకానికి సెంటర్ బఫర్ కప్లర్, అంటే సీబీసీ ఉన్న బాక్స్ వ్యాగన్లు తిరగసాగాయి. లాగడం, నెట్టడం రెండూ మధ్యలోని ఒకే కప్లర్ చేస్తుంది కాబట్టి ఆ పేరు.

ఎందుకు మారక తప్పలేదో ఒక చిన్న లెక్క చెబుతుంది. బొగ్గుతో నిండిన బాక్స్ఎన్ వ్యాగన్ మొత్తం బరువు 81.28 టన్నులు. 58 వ్యాగన్లను కలిపిన వరుస, రైల్వేవాళ్ళ మాటల్లో రేకు, సుమారు 4,714 టన్నులు. ప్రతి 100 మీటర్లకు 1 మీటరు ఎక్కే వాలు మీద ఆ రేకు జారిపోకుండా పట్టి ఉంచడానికే దాదాపు 47 టన్నుల బలం కావాలి. ఇంజనుకూ మొదటి వ్యాగన్‌కూ మధ్య ఉన్న కొక్కెం ఆ 47 టన్నులూ మోస్తుంది. రేకు మధ్యలోని కొక్కెం మీద అందులో సగమే పడుతుంది. చివరి వ్యాగన్‌ను పట్టుకున్న కొక్కెం మీద ఒక టన్ను కూడా పడదు. ఇంజన్లను ముందు ఎన్ని చేర్చినా మొదటి కొక్కెం తట్టుకున్నంతే రైలు. కనుమల్లో వెనక నుంచి బ్యాంకర్ ఇంజను నెట్టేది అందుకే. 2022 ఆగస్టు 15న కోర్బా నుంచి రాజ్‌నంద్‌గావ్‌కు 295 వ్యాగన్లు, 27,000 టన్నులతో నడిచిన సూపర్ వాసుకి రైలులో ఆరు ఇంజన్లను ఒక్కచోటే కట్టకుండా మధ్య మధ్యలో ఉంచారు. ఏ ఒక్క కొక్కెం మీదా మొత్తం భారం పడకూడదన్నదే ఆ అమరిక వెనకున్న సూత్రం.

దిగుడులో బలం దిశ తిరగబడుతుంది. కిరండూల్ నుంచి ఇనుప ఖనిజంతో అరకు, బొర్రా మీదుగా విశాఖకు దిగే బండిలో వెనక వ్యాగన్లు ముందు వాటిని తోసుకొస్తాయి. ఆ తోపును తట్టుకునేది కప్లర్ వెనక గూటిలో ఉండే డ్రాఫ్ట్ గేర్. అందులోని స్ప్రింగులు లేదా రబ్బరు పలకలు దెబ్బను మింగి, రాపిడి ద్వారా వేడిగా మార్చేస్తాయి. అయినా కొక్కెం తెగితే ఏమిటన్న ప్రశ్నకు సమాధానం పక్కనే వేలాడే గొట్టంలో ఉంది. ఆ బ్రేకు పైపులో చదరపు సెంటీమీటరుకు 5 కిలోల గాలి పీడనం ఉంటుంది. బండి రెండుగా తెగితే గొట్టం ఊడుతుంది, గాలి బయటికి పోతుంది, పీడనం పడిపోగానే రెండు ముక్కలకూ బ్రేకులు వాటంతటవే పడతాయి.

పాత పెట్టెకు కొత్త కొక్కెం

పందెం కార్లు నడిపేవాళ్ళు తమ బండి ఆగిపోతే లాగడానికి విడిగా టో హుక్ అనే కొక్కెం కొని బిగించుకుంటారు. హుక్ ఎంత గట్టిదైనా అది కూర్చునే మర బంపర్ వెనకున్న ఉక్కు దూలంలోకి పూర్తిగా దిగకపోతే లాగినప్పుడు ఊడివస్తుంది. రైలు పెట్టె విషయంలోనూ ఇదే సూత్రం. పాత పెట్టె చట్రాన్ని నెట్టుడు బలం రెండు మూలల్లో పడేలా కట్టారు. సీబీసీ బిగిస్తే ఆ బలమంతా నడిమధ్యకు వస్తుంది. కాబట్టి కొక్కెం మార్చడమంటే చట్రాన్ని కూడా దానికి తగ్గట్టు బలపరచడమే. ఎత్తు కూడా కుదరాలి. బ్రాడ్‌గేజ్‌లో పట్టా పైనుంచి కప్లర్ మధ్యరేఖ ఖాళీ బండికి 1,105 మిల్లీమీటర్లు మించకూడదు, నిండు బండికి 1,030 కంటే తగ్గకూడదు. ఈ 75 మిల్లీమీటర్ల పరిధి దాటితే రెండు నకిల్స్ ఒకదాన్నొకటి సరిగా పట్టవు. రెండు తరాల పెట్టెలూ ఒకే పట్టాల మీద తిరగాల్సి రావడంతో, ఏ రకం బండినైనా లాగగలిగేలా సీబీసీకే స్క్రూ కప్లింగ్ తగిలించిన ట్రాన్సిషన్ కప్లర్లను మన ఇంజన్లకు అమర్చారు.

ప్రయాణికుల బండ్లలో అసలు మలుపు జర్మనీ నుంచి 2000లో వచ్చిన ఎల్‌హెచ్‌బీ పెట్టెలతో మొదలైంది. వాటి టైట్‌లాక్ కప్లర్ పైకీ కిందికీ జారదు. ఢీకొన్నప్పుడు ఒక పెట్టె మరో పెట్టె మీదికెక్కి దాన్ని చీల్చుకుపోవడాన్ని ఆ పట్టు చాలావరకు అడ్డుకుంటుంది. మొదట్లో ఈ బండ్లలో కుదుపులు ఎక్కువన్న ఫిర్యాదులు వచ్చాయి. లాగుడునూ తోపునూ సమంగా మింగే బ్యాలెన్స్‌డ్ డ్రాఫ్ట్ గేర్‌తో ఆ లోపాన్ని సరిచేశారు. 2018 జనవరిలో పెరంబూరు ఐసీఎఫ్ కర్మాగారం పాత తరహా పెట్టెల తయారీని ఆపేసింది.

కొక్కెం ఏం చేయగలదో, ఏం చేయలేదో ఖరగ్‌పూర్ డివిజన్‌కే బాగా తెలుసు. 2023 జూన్ 2న ఆ డివిజన్‌లోని బహనాగా బజార్ స్టేషన్ దగ్గర కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ సిగ్నల్ వైరింగు తప్పు వల్ల లూప్ లైన్లోకి మళ్ళి, ఆగి ఉన్న గూడ్సును ఢీకొంది. అవి ఎల్‌హెచ్‌బీ పెట్టెలే. అయినా 290 మందికి పైగా చనిపోయారు. గంటకు 120 కిలోమీటర్లు దాటిన వేగంలో గూడ్సును గుద్దితే ఏ కప్లరూ కాపాడలేదు. దాని బలం మిగతా వ్యవస్థ సరిగా ఉన్నప్పుడే అక్కరకొస్తుంది.

అందుకే వర్క్‌షాపుల్లో జరిగే పనికి అంత విలువ. మరమ్మతుకు వచ్చిన ప్రతి కప్లర్‌నూ విప్పి, శుభ్రం చేసి, అరుగుదలను గేజితో కొలవాలి. నకిల్ వంపు లోపల కంటికి కనిపించని పగుళ్ళను అయస్కాంత పరీక్షతో వెతకాలి. వెంట్రుకంత పగులు కొన్ని వేల కుదుపుల తర్వాత పెద్దదై ఒక రాత్రి బండిని రెండుగా చేస్తుంది. ఆ పగులును షెడ్డులోనే పట్టుకున్న ఫిట్టరు పేరు ఏ పత్రికలోనూ రాదు. ఖరగ్‌పూర్ కార్మికులు తమ బతుకు విలువను గట్టిగా చెప్పడం ఏనాడో నేర్చుకున్నారు. 1927లో ఖరగ్‌పూర్ వర్క్‌షాపు కార్మికులు ఉద్యోగాల తొలగింపు మీద పోరాడినప్పుడు వారి సంఘాన్ని నడిపిన నాయకుల్లో తర్వాత రాష్ట్రపతి అయిన వి.వి.గిరి ఒకరు.

మనిషి పెట్టెల మధ్య నలిగిపోకుండా కాపాడే పరికరం పుట్టి 150 ఏళ్ళు దాటింది. దాని పనితీరు మనకు తెలుసు, తయారీ మనకు చేతనవును. స్క్రూ కప్లింగ్ ఉన్న పాత పెట్టెలు ఇంకా పట్టాల మీద తిరుగుతున్నాయి. వాటిని మార్చే పనికి గడువు పెట్టి పూర్తి చేయాలి. ఖర్చు లెక్కల్లో ఈ పనిని వెనక్కి నెట్టకూడదు. అంతదాకా షంటింగు జరిగే ప్రతి యార్డులోనూ, మనిషి సందులోంచి బయటికి వచ్చాడని రూఢి చేసుకున్నాకే ఇంజను కదలాలి.