గోలు రాని సెంటర్ ఫార్వర్డు

కాలిబంతి యాట చూచి వచ్చు బాలుర సంభాషణము నాలకించినవారికి ఒక సంగతి తెలియకపోదు. జట్టు గెలిచినచో కీర్తిని పదునొకండ్రును పంచుకొందురు. ఓడినచో, లేక యాట సమానముగా ముగిసినచో, నింద యంతయు సాధారణముగా నొక్కనిపై బడును. ఆ యొక్కడు సెంటర్ ఫార్వర్డు. "వానికి గోలు వచ్చి యైదాటలైనది, వానిని దింపివేయవలెను" అని యొకడనును. "వానికి బంతి నందించినవాడెవడు?" అని మరియొకడు ప్రశ్నించును. బందరు స్టేషనులో మొదలైన యీ వాదము గుడివాడ జంక్షను వచ్చువరకు తెగదు. అక్కడ దిగువారు దిగుచునే తుదిమాట తమదిగా జేసికొని పోవుదురు. దివిసీమనుండి వచ్చి హాస్టలులో నుండు విద్యార్థులు దానిని రాత్రి భోజనమువరకు సాగింతురు. వాదింపవలదని మేము చెప్పము. కాని న్యాయము తీర్చువాడు ముందుగా చట్టమును, సాక్ష్యమును ఎరిగియుండవలెను గదా. ఆ రెంటిని గూర్చియే యీ వ్యాసము.

మొదట పాయింట్ల సంగతి. లీగు పోటీలో ప్రతిజట్టును తక్కిన జట్లన్నిటితో నాడును. పూర్వము గెలిచినవారికి 2 పాయింట్లు, సమానముగా ముగిసిన యిరువురకు నొక్కొక్కటి, ఓడినవారికి శూన్యము. 1981లో ఇంగ్లండు దేశపు లీగు గెలుపునకు 3 పాయింట్ల నియమమును ప్రవేశపెట్టెను. 1994 నాటి ప్రపంచపు పోటీలలోను అదే యమలులోనికి వచ్చినది. ఈ మార్పు పైకి స్వల్పముగా దోచును గాని, లెక్క వేసి చూచినచో దాని బలము తెలియును. ఒక జట్టు పది యాటలాడి పదింటిని సమానముగా ముగించినదనుకొందము. మరియొక జట్టు నాలుగు గెలిచి యారు ఓడినదనుకొందము. పాత లెక్కలో మొదటిదానికి 10, రెండవదానికి 8, మొదటిదే మేలు. కొత్త లెక్కలో మొదటిదానికి 10, రెండవదానికి 12. ఓటమి యెరుగని జట్టు, ఆరుసార్లు ఓడిన జట్టుకంటె వెనుకబడినది! పాత పద్ధతిలో డ్రా యనగా సగము దక్కించుకొనుట. ఇప్పుడు డ్రా యనగా మూడింట రెండు వంతులు చేజార్చుకొనుట. అందుచేతనే చివరి పది నిమిషములలో గోలు కొరకు ప్రేక్షకులు పడు నాత్రమును, ఆ గోలు రానప్పుడు పుట్టు కోపమును మునుపటికంటె హెచ్చినవి. డ్రాను గెలుపుగా మార్చునది గోలు. గోలు కొట్టుటకు నియమింపబడినవాడు సెంటర్ ఫార్వర్డు. కావున దోషియు వాడే యని తీర్పు.

ఈ తీర్పునకు చరిత్రలో నొక కారణము కలదు. కాలిబంతి యాట నియమములను లండనులో వ్రాసికొన్నది 1863లో. (రాబర్టు నోబుల్ దొర బందరులో పాఠశాల తెరచినది 1843లో. అనగా మన బందరు బడి ఫుట్‌బాల్ చట్టముకన్న ఇరువదేండ్లు పెద్దది! ఇది మన విద్యార్థులు మరువకుందురు గాక.) ఆ నియమములలో మిక్కిలి తగవులకు తావైనది ఆఫ్‌సైడు. ముందున్న యాటగానికి బంతి నందించునపుడు, వానికిని గోలు గీతకును నడుమ ప్రతిపక్షులు కనీసము ముగ్గురుండవలెనని 1866 నుండి నియమము. 1925లో దానిని ఇద్దరికి తగ్గించిరి. తత్ఫలితముగా ఇంగ్లండు మొదటి డివిజనులో 1924-25లో 1192గా నున్న గోల్సు, మరుసటి యేట 1703కు పెరిగినవి. 1927-28లో ఎవర్టన్ జట్టు సెంటర్ ఫార్వర్డు డిక్సీ డీన్ ఒక్క లీగు ఋతువులో 60 గోల్సు కొట్టెను. నాటినుండి సెంటర్ ఫార్వర్డనగా గోల్సు పండించు యంత్రమను భావము జనుల మనస్సులలో నాటుకొన్నది. యంత్రము పనిచేయనిచో మార్చవలె ననుట సహజమే గదా!

కాని వాని పని యంతమాత్రమే కాదు. 1953 నవంబరు 25వ తేదీని వెంబ్లీ మైదానములో హంగరీ జట్టు ఇంగ్లండును 6-3 గోల్సుతో నోడించెను. హంగరీ సెంటర్ ఫార్వర్డు హిదెగ్కుటి తన స్థానమున నిలువక, వెనుకకు వచ్చి మైదానము నడుమ నాడుచుండెను. వానిని కాపాడవలసిన ఆంగ్లేయుడు వెంట బోయినచో వెనుక ఖాళీ యేర్పడును. పోకున్నచో హిదెగ్కుటి స్వేచ్ఛగా బంతి నడిపించును. ఎటూ తేలక ఇంగ్లండు రక్షణపంక్తి చెదరిపోయినది. ఆనాడు హిదెగ్కుటి తాను మూడు గోల్సు కొట్టెను. అది సరియే; తాను కొట్టకున్నను, బ్యాకులను తన వెంట లాగి యితరులకు దారి యిచ్చుట యనునది గోలుతో సమానమైన సేవ. అది స్కోరు పట్టికలో కనబడదు. ప్రేక్షకుడు బంతిని చూచును గాని బంతి లేనివానిని చూడడు. సెంటర్ ఫార్వర్డు తొంబది నిమిషములలో అధికభాగము బంతి లేకయే పనిచేయును.

ఇక సాక్ష్యమునకు వత్తము. ఇచ్చట మన సీమ యుదాహరణమే చాలును. కృష్ణ నీరు విజయవాడ బ్యారేజి కడ కాలువలలోనికి వదలబడి, ఎన్నో లాకులు దాటి, ఎందరో రైతుల తూములు తడిపి, చిట్టచివరకు దివిసీమ చేలకు చేరవలెను. అవనిగడ్డకు దిగువనున్న శివారు రైతు, మొన్న నాటిన మడి యెండుచున్నచో, తన గట్టుపై గూర్చుండి యేమి చేయగలడు? అతడు సోమరి కాడు, నీరు రాలేదు. కాలిబంతి యాటలో సెంటర్ ఫార్వర్డు శివారు రైతు. గోల్‌కీపరునుండి బ్యాకులకు, బ్యాకులనుండి హాఫ్‌బ్యాకులకు, వారినుండి వింగుల మీదివారికి పోయి బంతి యతనికి తుదను చేరును. నడుమ నే లాకు మూతబడినను ఎండునది యతని చేను. కావున శివారు పంట చూచి రైతును నిందించుటకు ముందు, కాలువ వెంబడి పైకి నడచి చూడవలెను.

మన తెలుగు నేలపై నిటీవల జరిగిన కథయే దీనికి నిదర్శనము. 2019లో హైదరాబాదు ఎఫ్.సి. యను జట్టు ఇండియన్ సూపర్ లీగులో జేరెను. స్పెయిను దేశీయుడగు మానొలో మార్కెజ్ శిక్షణమున 2021-22లో ఆ జట్టు లీగు పట్టికలో 20 ఆటలకు 38 పాయింట్లతో రెండవ స్థానమున నిలిచెను. అనగా 60కి 22 పాయింట్లు చేజారినవి: ఐదు డ్రాలలో పది, నాలుగు ఓటములలో పండ్రెండు. ఆ యేడు నైజీరియా దేశీయుడగు సెంటర్ ఫార్వర్డు బార్తొలొమ్యూ ఒగ్బెచే 18 గోల్సు కొట్టి పోటీ యంతటికి ప్రథముడయ్యెను. కాని 2022 మార్చి 20వ తేదీని గోవాలోని ఫతోర్డాలో కేరళ బ్లాస్టర్సుతో జరిగిన ఫైనలులో నతనికి గోలు రాలేదు. ఒక గోలు వెనుకబడియున్న జట్టును 88వ నిమిషమున సమము చేసినవాడు సాహిల్ తవోరా. పిదప పెనాల్టీలలో మూడింటిని ఆపి కప్పు నిలిపినవాడు గోల్‌కీపరు లక్ష్మీకాంత్ కట్టిమణి. ఒగ్బెచేను ఆ రాత్రి తూచినచో శూన్యము. ఏడాది తూచినచో పదునెనిమిది. ఏ తక్కెడ సరియైనదో విద్యార్థులే చెప్పుదురు గాక.

అదే జట్టు 2023-24లో 22 ఆటలాడి, ఒక్కటి మాత్రము గెలిచి, ఐదు సమము చేసి, పదునారు ఓడి, 8 పాయింట్లతో పట్టిక యడుగున బడెను. ఒగ్బెచేయు మార్కెజును అప్పటికే వెడలిపోయిరి. జీతములు సక్రమముగా నందక విదేశపు టాటగాండ్రు, పేరెన్నికగన్న స్వదేశీయులు పోటీ నడుమనే విడిచిపోయిరి. మిగిలిన పిల్లలు నిలిచి యాడిరి. అట్టి జట్టులో ముందు నిలిచిన బాలుని "గోలేది?" యని యడుగువాడు బ్యారేజి తలుపులు మూసి దివిసీమలో ధాన్యము కొలువుమను వానివంటివాడు. 2025లో జట్టు హైదరాబాదును విడిచి ఢిల్లీకి తరలిపోయినది.

అదృష్టమునకు గూడ కొంత పాలు కలదు. దానిని లెక్కతో జూపవచ్చును. గోలువైపు కొట్టిన దెబ్బలు పదింట సుమారొకటి మాత్రమే గోలగునని ఆధునిక గణకులు తేల్చియున్నారు. మంచి సెంటర్ ఫార్వర్డు ఆటకు మూడు దెబ్బలు కొట్టుననుకొందము. ఐదాటలకు పదునైదు. ప్రతి దెబ్బయు గోలు కాకపోవుటకు పదింట తొమ్మిది పాళ్లు. తొమ్మిదింపదవవంతును దానితోడనే పదునైదు మార్లు గుణించి చూడుడు. ఫలితము రమారమి ఐదింట నొకటి. అనగా ఏ లోపమును లేని యాటగాడును ఐదేసి యాటలు గోలు లేక గడుపుటకు ఐదింట నొక పాలు అవకాశము కలదు! మన తొమ్మిదవ తరగతి బాలురు చేయదగిన లెక్క యిది. ఐదు రోజులు వాదించుటకంటె ఐదు నిమిషములు గుణకారము చేయుట మేలు.

అట్లని ప్రతి సెంటర్ ఫార్వర్డును నిర్దోషి యనరాదు. తప్పు వానిదైనప్పుడు గుర్తులుండును. గోలెదుట మంచి తావులకు చేరుచు గురి తప్పువానిని సహింపవచ్చును. గురి తిరిగి వచ్చును. కాని తప్పుదునేమో యను భయమున ఆ తావులకు పోవుటయే మానినవాడు, బంతి తన కాలికి రాకుండ బ్యాకు వెనుక దాగువాడు, వానికి విశ్రాంతి యవసరము. ఇందొక చిక్కు కలదు. ఈ రెండవ రోగము తరచుగా మైదానము గట్టున నిలిచినవారి కేకలవలననే పుట్టును. పాఠశాలల పోటీలలో సెంటర్ ఫార్వర్డు పదునైదేండ్ల బాలుడు. వానలు వెలిసిన పిమ్మట నల్లరేగడి మైదానములో బంతి యెగురదు, కాలు కూరుకుపోవును. అట్టి నేలపై రెండు బంతులు తప్పినంత మాత్రమున తన బడి పిల్లలే హేళన చేయగా, వాడు మూడవ బంతికి పరుగెత్తడు. పెద్దయాటగానికి జీతమున్నది, శిక్షకుడున్నాడు; ఈ బాలునికి మరునాడు ఉదయము ఆ కేకలు వేసిన వారితోనే యొక బెంచీపై గూర్చుండవలసిన గతి యున్నది.

తప్పినవానిని విడువని జట్టుకథ యొకటి కలదు. 1948 జూలై 31వ తేదీని లండను ఒలింపిక్సులో ఫ్రాన్సుతో నాడినపుడు మనవారికి రెండు పెనాల్టీలు లభించినవి. వట్టికాళ్లతో నాడుచున్న మనవారు రెంటిని పోగొట్టుకొని 1-2తో నోడిరి. పెనాల్టీ పోగొట్టిన యిద్దరిలో శైలేన్ మన్నా యొకడు. మూడేండ్ల పిమ్మట 1951లో ఢిల్లీ ఆసియా క్రీడలలో స్వర్ణపతకము గెలిచిన భారత జట్టునకు నాయకుడీ మన్నాయే.

ఆ 1951 జట్టునకు శిక్షకుడు హైదరాబాదు నివాసి సయ్యద్ అబ్దుల్ రహీము. ఇతడు వృత్తిచేత బడిపంతులు. ఇతని శిక్షణమున హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదేండ్లు రోవర్స్ కప్పు గెలిచెను. బలహీనమైన కాలితో మాత్రమే బంతి తన్నవలెనను పోటీలను, బంతిని కాళ్లనడుమ నుంచుకొని తిరుగరాదను పోటీలను బాలురకు పెట్టినవాడితడు. సెంటర్ ఫార్వర్డు సమస్యకు రహీము పంతులుగారు చేసిన పరిష్కారమును చెప్పి విరమింతును.

1962లో జకార్తాలో జరిగిన ఆసియా క్రీడలలో మనవారు తొలియాటలోనే దక్షిణ కొరియా చేత 0-2తో నోడిరి. పిదప థాయిలాండుపై 4-1, జపానుపై 2-0 గెలిచిరి. కాని థాయిలాండుతో నాడినపుడు మన ముఖ్య బ్యాకు జర్నైల్ సింగు తలకు గాయమై కుట్లు పడెను. జపానుతో నాడలేదు. దక్షిణ వియత్నాముతో సెమీఫైనలునకు రహీము అతనిని మరల దింపెను. బ్యాకుగా గాదు, సెంటర్ ఫార్వర్డుగా! తలకు కట్టు గట్టిన బ్యాకును గోలు ముందు నిలుపుట చూచి నవ్వినవారుందురు. జర్నైల్ ఒక గోలు కొట్టెను. మనవారు 3-2తో గెలిచిరి. సెప్టెంబరు 4వ తేదీని ఫైనలులో మరల దక్షిణ కొరియాయే యెదురుపడెను. రాజకీయ కారణములచేత మైదానము నిండ జనము మనవారికి వ్యతిరేకముగా కేకలు వేయుచుండిరి. పి. కె. బెనర్జీ యొక గోలు, జర్నైల్ యొక గోలు. 2-1. సికింద్రాబాదువాడగు తులసీదాస్ బలరాము ఆ జట్టులోనివాడే.

రహీము అప్పటికే క్యాన్సరు వ్యాధిపీడితుడు. 1963 జూన్ 11వ తేదీని మరణించెను. జర్నైల్ సింగు మాత్రము తన పూర్వస్థానమునకు పోయి, పిదప చిరకాలము బ్యాకుగానే యాడెను.