ఒంగోలు పశువు – తూకపు పట్టిక



బ్రెజిల్ దేశమున మాంసము కొరకు పెంచు పశువులలో అధికభాగము 'నెలోర్' జాతివి. ఇవి మన ఒంగోలు పశువుల సంతతియే. ఒంగోలు తాలూకా 1904 వరకు నెల్లూరు జిల్లాలో నుండెడిది. ఆ పేరే అచట నిలిచినది. ఐరోపా పశువులు ఎండకు, పిడుదులకు తాళలేని చోట మన జాతి ముతక గడ్డి తిని నిలద్రొక్కుకొన్నది. 1960 తరువాత అచటికి చేరిన మేటి ఆబోతు ఒకదానికి మన కరవది గ్రామము పేరే గలదు.

వారు చేసిన పని యేమి? దూడ పుట్టిన తేది, తల్లిదండ్రులు, తూకము పుస్తకమున వ్రాసి, బాగుగా ఎదిగినదానినే విత్తనమునకు ఉంచిరి. మనమో, ట్రాక్టరు వచ్చిన పిదప మేలైన కోడెలను సైతము సంతకు తోలుచున్నాము.

కాటా లేకున్నను తూకము తెలియును. ఛాతీ చుట్టుకొలతను అదే అంకెతోను, పిమ్మట భుజము కొన నుండి పిరుదు కొన వరకు గల పొడవుతోను హెచ్చించి, 660తో భాగింపుడు. కొలతలు అంగుళములలో నుండవలెను. చుట్టుకొలత 70, పొడవు 60 అయినచో తూకము సుమారు 445 కిలోలు.

చెవిబిళ్లపై గల 12 అంకెల సంఖ్య ప్రక్కన ఈ తూకమును మూడు మాసముల కొకసారి వ్రాయుడు. మందలో ముందున్న కోడెను అమ్మబోవు ముందు పశువైద్యునకు గాని, గుంటూరు చెంత లాం పశుపరిశోధన స్థానము వారికి గాని తెలుపుడు. విత్తనము పోయిన పిదప వగచి లాభము లేదు.